ఊరగాయ సీసాకు ఎక్స్‌రే తీస్తే తినవచ్చా?

నిక్షేపంగా తినవచ్చు. సీసాలో గాజు, రాయి, ఇనుము ముక్కలు పడ్డాయేమో చూడడానికి కర్మాగారాల్లో ఎక్స్‌రే తీస్తారు. అలా ఎక్స్‌రే తగిలిన ఊరగాయలో రేడియేషన్ మిగిలిపోతుందేమోనని, ఊరగాయల యూనిట్ పెట్టబోతున్న మీరు రాసి అడిగారు. దీపం ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్టే, అదీ మిగలదు. వస్తువు పీల్చుకున్న రేడియేషన్‌ను గ్రేలలో కొలుస్తారు. తనిఖీ యంత్రంలో సీసాకు తగిలేది మామూలుగా ఒక గ్రేలో వెయ్యో వంతు కూడా ఉండదు. 2007 నుంచి అమెరికాకు వెళ్తున్న మన మామిడిపళ్లకు పురుగు బెడద లేకుండా ఇచ్చే వికిరణమే కనీసం 400 గ్రేలు. పది వేల గ్రేల దాకా ఇచ్చినా ఆహారానికి హాని లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ భాగస్వామిగా ఉన్న నిపుణుల సంఘం 1980లోనే తేల్చింది. రేడియేషన్ అనగానే కంచం పక్కకు జరిపేవాళ్లే సంతలో విడిగా పోసి అమ్మే ఎర్రటి కారాన్ని ఏం కలిపారో అడగకుండా కొనుక్కుంటారు. నాకు అక్కడే ఒళ్లు మండుతుంది.

మెటల్ డిటెక్టర్ సరిపోదా అని కూడా అడిగారు. ఆవకాయకు సరిపోదు. ఉప్పూ తేమా ఉన్న పదార్థం విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి ఆ యంత్రం ఊరగాయనే లోహమనుకుని మోగుతుంది. పైన ఇనుప మూత ఒకటి. ఇక గాజు దానికి అసలు కనబడదు. ఎక్స్‌రే సాంద్రతను చూస్తుంది కాబట్టి గాజు, రాయి, ఇనుము తెర మీద నల్లగా తేలతాయి.

అయితే ఉప్పు గడ్డ కూడా నల్లగానే తేలుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే. హైదరాబాద్ శివార్లలోని ఒక ఊరగాయల కర్మాగారంలో నేను నాణ్యత విభాగంలో పనిచేశాను. ఎగుమతి సరుకు తొందరలో, ఊట సరిగా దిగకముందే ఆవకాయను సీసాల్లో నింపేశారు. ఉప్పు కరగలేదు. యంత్రం సీసా వెంట సీసాను పక్కకు తోస్తోంది. షిఫ్టు సూపర్‌వైజర్ వాటిని తీసి మళ్లీ బెల్టు మీద పెట్టిస్తున్నాడు. "ఉప్పేనండీ, ఇంకోసారి పంపితే పోతుంది" అన్నాడు. నిజంగానే కొన్ని పోయాయి కూడా.

నేను బెల్టు ఆపించి, తోసేసిన సీసాలన్నీ విప్పించాను. ప్యాకింగ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ ఊరగాయను జల్లెడలో వేసి నూనె ఓడ్చింది. మిగిలిన తెల్ల గడ్డలను స్టీలు పళ్లెంలోకి తీసి, వేడినీళ్లు పోసి వేలితో తిప్పింది. గడ్డలన్నీ కరిగాయి. ఒక సీసాలోది మాత్రం కరగలేదు. ఆమె దాన్ని గోటితో అంచుకు జరిపి, "ఇది ఉప్పు కాదు బాబూ" అంది. గోరంత గాజు పెంకు. ఆ వంపు చూస్తే సీసా మెడ దగ్గరిదని తెలిసిపోతోంది.

అలాంటి పలుచని పెంకు కిరణం వెళ్లే దిశలోనే నిలిచి ఉంటే నల్లగా కనబడుతుంది, కిరణానికి అడ్డంగా పడుకుంటే కనబడకపోవచ్చు. రెండోసారి పంపేటప్పుడు సీసా తిరుగుతుంది, లోపలి పెంకు వాలు మారుతుంది. అందుకే యంత్రం ఒక్కోసారి దాన్ని వదిలేస్తుంది. రెండోసారి పాసైతే మంచిదేనన్న లెక్క పచ్చి అబద్ధం. తోసేసిన సీసా పడే పెట్టెకు తాళం ఉండాలి, తాళంచెవి ఉత్పత్తి విభాగం చేతిలో ఉండకూడదు, సీసా విప్పకుండా ఒక్కటీ వెనక్కి పోకూడదు. ఈ మూడూ పాటించని చోట లక్షలు పోసి కొన్న యంత్రం ఆడిటర్లకు చూపించే అలంకారమే.

ఇంకో బాధ. "మా దగ్గర ఎక్స్‌రే ఉంది" అనగానే చాలామంది యజమానులు ముందు చేసే శుభ్రత తగ్గించేస్తారు. వెంట్రుక, గోనె దారం, పురుగు, పలుచని ప్లాస్టిక్ ముక్క ఆ యంత్రానికి దాదాపు కనబడవు. వాటి సాంద్రత ఊరగాయకు దగ్గరగా ఉంటుంది. తలకు టోపీ, ఆవాలు జల్లించడం, మెంతుల్లో రాళ్లు ఏరడం, ఇవన్నీ మనిషి చేయవలసిందే.

మీరు చిన్న యూనిట్ పెట్టబోతున్నామని రాశారు కదా. ఇప్పుడే ఎక్స్‌రే కొనకండి. మంచి జల్లెడలు, కారం పడే దారిలో అయస్కాంతాలు పెట్టండి. నింపే చోట ఒక సీసా పగిలిందంటే బెల్టు ఆపి, చుట్టుపక్కల మూత పెట్టని సీసాలన్నీ లోపలి సరుకుతో సహా పారేయండి. ఆ నష్టం భరించలేమంటే గాజు సీసాలు మానేసి ప్లాస్టిక్ డబ్బాల్లో నింపండి.