ఇరవై రెండో అంతస్తు కోసం ముందే నలభై లక్షలు కట్టవచ్చా?

ప్రశ్న: నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో అధ్యాపకుడిని. వయసు 43. నా భార్య ఉపాధ్యాయురాలు. ఇద్దరికీ కలిపి నెలకు చేతికి 1.30 లక్షలు వస్తాయి. బ్రాడీపేటలో 15 వేల రూపాయల అద్దె ఇంట్లో ఉంటున్నాం. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారూ మాతోనే ఉంటారు. నాన్నగారి పొలంలో నా వాటా అమ్మగా వచ్చిన సొమ్ము, మా డిపాజిట్లు కలిపి 40 లక్షలు ఉన్నాయి. తాడేపల్లి, కుంచనపల్లి వైపు 30 అంతస్తుల టవర్ కట్టబోతున్నారు. అందులో 22వ అంతస్తులో 1,750 చదరపు అడుగుల ఫ్లాట్ చూశాం. చదరపు అడుగు 6,200 రూపాయలట. నెలాఖరులోగా 40 లక్షలు ఒకేసారి కడితే ప్రీలాంచ్ ధర కింద 5,600కే ఇస్తామని, నాలుగేళ్లలో అప్పగిస్తామని అంటున్నారు. గోరంట్లలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో సిద్ధంగా ఉన్న 1,450 చదరపు అడుగుల ఫ్లాట్ 64 లక్షలకు వస్తోంది; నిర్వహణ నెలకు 2,000. అమరావతిలో యాభై అంతస్తుల భవనాలు లేస్తే టవర్ ఫ్లాట్ ధర రెట్టింపు అవుతుందని గచ్చిబౌలిలో కొని లాభపడిన మా బావమరిది చెబుతున్నాడు. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి కృష్ణ కనిపించే ఇల్లు కావాలని కోరిక. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన ధరల పట్టికను, బ్రోచర్‌ను రెండుసార్లు చదివాను. నెలాఖరు గడువు పెట్టారు కనుక ముందుగా చెప్పవలసిన మాట ముందే చెబుతాను. ఆ 40 లక్షల చెక్కు ఇవ్వకండి. టవర్ మంచిదా కాదా అన్నది తరువాతి సంగతి. ఈ పద్ధతిలో మాత్రం డబ్బు కట్టకూడదు.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం ప్రకారం, 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా ప్రకటించడానికి, బుక్ చేసుకోవడానికి, అమ్మడానికి వీల్లేదు. మీరు పంపిన బ్రోచర్‌లో రెరా నంబరు ఎక్కడా లేదు. ప్రీలాంచ్ అన్న మాటకు అసలు అర్థం నమోదు కాకముందే డబ్బు తీసుకోవడమే. నమోదైన తరువాత కూడా, అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ఫ్లాట్ ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికే వాడాలి. అప్పగింత ఆలస్యమైతే వడ్డీ, తప్పుకోదలిస్తే వడ్డీతో సహా కట్టిన సొమ్ము వెనక్కి అడిగే హక్కు చట్టం మీకు ఇచ్చింది. నమోదు కాని ప్రాజెక్టుకు తెల్లకాగితం రసీదు మీద 40 లక్షలు కడితే, ఈ రక్షణలన్నింటి కోసం మీరు రుజువులు వెదుక్కుంటూ తిరగవలసి వస్తుంది.

పోనీ, ఆ తగ్గింపైనా నిజమైన తగ్గింపేనా? చదరపు అడుగుకు 600 రూపాయల చొప్పున 1,750 అడుగులకు 10.5 లక్షలు తగ్గుతాయి. అదే 40 లక్షలను ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో నాలుగేళ్లు ఉంచితే, పన్నుకు ముందు, సుమారు 12.4 లక్షల వడ్డీ వస్తుంది. అంటే వారు మీకు ఇస్తున్నది మీ డబ్బుకు రావలసిన వడ్డీయే, అదీ కాస్త తగ్గించి. పైగా బిల్డరుకు అప్పిచ్చే బ్యాంకు మోయవలసిన నష్టభయాన్ని మీ నెత్తిన పెడుతున్నారు. నిజానికి మామూలు పద్ధతిలో కొన్నా ఆ డబ్బు నాలుగేళ్లూ బ్యాంకులోనే ఉండదు, శ్లాబుల వారీగా, అంటే ఒక్కో అంతస్తు కప్పు పడేకొద్దీ పోతుంది కనుక మీరు పోగొట్టుకునే వడ్డీ ఈ లెక్కకన్నా కొంత తక్కువే ఉంటుంది. అయినా తగ్గింపులో పెద్దగా మిగిలేదేమీ లేదు.

ఇక అసలు ధర చూద్దాం. 5,600 చొప్పున 98 లక్షలు అవుతుంది. పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఐదో అంతస్తు దాటాక ప్రతి అంతస్తుకూ అడుగుకు 20 రూపాయల ఫ్లోర్ రైజ్ ఉంది. ఇరవై రెండో అంతస్తుకు పదిహేడు అంతస్తుల లెక్కన అడుగుకు 340 రూపాయలు, మొత్తం 5.95 లక్షలు. కారు పార్కింగ్ 4 లక్షలు, క్లబ్‌హౌస్ 3 లక్షలు కలిపితే దాదాపు 111 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ కనుక 5 శాతం జీఎస్టీ, అంటే సుమారు ఐదున్నర లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం చొప్పున ఎనిమిది లక్షలపైన. అలమరలు, వంటగది పని మొదలుపెట్టకముందే మీ ఫ్లాట్ కోటీ పాతిక లక్షలకు చేరుతుంది. మీరు 40 లక్షలు పెడితే 85 లక్షల అప్పు కావాలి. 75 లక్షలు దాటిన గృహరుణాలకు ఆస్తి విలువలో 75 శాతానికి మించి ఇవ్వరాదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపరు. 111 లక్షలకు 83 లక్షలే వస్తాయి.

ఒకవేళ 85 లక్షలూ దొరికినా, ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 73,750 రూపాయలు. మీ ఇద్దరి జీతంలో అది 57 శాతం. వాయిదాలు ముగిసేసరికి మీకు 63 ఏళ్లు వస్తాయి. నిర్మాణం సాగుతున్నన్నాళ్లూ విడుదలైన మేరకు వడ్డీ, దానికి తోడు బ్రాడీపేట అద్దె. అప్పు దాదాపు పూర్తిగా విడుదలైన తరువాత అప్పగింత ఒక ఏడాది ఆలస్యమైతే, వడ్డీ ఏడు లక్షల పైచిలుకు, అద్దె 1.8 లక్షలు కలిపి తొమ్మిది లక్షల రూపాయలు గృహప్రవేశం జరగకుండానే ఖర్చవుతాయి. మీ అమ్మాయి ఇంటర్ ముగించి ఇంజినీరింగులోనో వైద్యంలోనో చేరేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. మీ ఉత్తరంలో ఆ ఫీజుల మాట ఎక్కడా లేదు. మీ లెక్కలో నాకు అన్నింటికన్నా ఆందోళన కలిగించినది అదే.

ఇప్పుడు మీ బావమరిది గారి మాట. ఆయన చెప్పినది అబద్ధమేమీ కాదు. అయితే గచ్చిబౌలి కథలో కాలం ఎంత పట్టిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. దాని ఎత్తు పది అంతస్తులు. దాని చుట్టూ కార్యాలయాలు పెరిగి, వాటిలో పనిచేసే వేల కుటుంబాలు అక్కడే ఇల్లు కావాలని కోరుకున్నాక, సుమారు రెండు దశాబ్దాలకు గానీ నలభై, యాభై అంతస్తుల నివాసాలు వరుసగా లేవలేదు. ముందు ఉద్యోగాలు వచ్చాయి, తరువాత ఎత్తు వచ్చింది. మన దగ్గర ఎత్తు ముందు వస్తోంది. ఉద్యోగాలు వస్తాయన్నది ఆశ. నాకూ ఉన్న ఆశే. కాని ఈఎంఐ వచ్చే నెల ఐదో తేదీన కట్టాలి.

అమరావతి విషయంలోనే చూడండి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. 2018 చివరలో ఐదు సచివాలయ టవర్లకు రాఫ్ట్ పునాదుల (భవనమంతటి కింద ఒకే మందపాటి పలకలా వేసేవి) కాంక్రీటు మొదలైంది; నలభై నుంచి యాభై అంతస్తుల ఎత్తుకు ఉద్దేశించిన భవనాలవి. 2019లో పనులు ఆగిపోయాయి. ఆ పునాదులు ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. 2024లో ఐఐటీ నిపుణులు వచ్చి వాటి దృఢత్వాన్ని పరిశీలించవలసి వచ్చింది. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు పునఃప్రారంభమయ్యాయి. రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ స్వయంగా చేపట్టిన హ్యాపీనెస్ట్ ఫ్లాట్ల ప్రాజెక్టు సంగతీ అంతే; 12 టవర్లలో 1,200 ఫ్లాట్లకు 2018లో జనం పోటీపడి బుక్ చేసుకున్నారు, 2019 తరువాత ఏళ్ల పాటు అక్కడ పని నడవలేదు. ఇదంతా ఎవరి తప్పో తేల్చడానికి రాయడం లేదు. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడిగా, బ్యారేజీ మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డున ఆ టవర్ల దీపాలు కనిపించే రోజు రావాలని మనసారా కోరుకుంటున్నాను. కాని ప్రభుత్వం అయిదేళ్లు ఆగి మళ్లీ మొదలుపెట్టగలదు, దానికి వేల కోట్ల అప్పు పుడుతుంది. నెలజీతం మీద బతికే ఇల్లు అయిదేళ్లు ఆగలేదు.

ఎత్తైన భవనంలో ఇంకొక సంగతి ఉంది. దాన్ని కొనేవారిలో చాలామంది అడగరు. మీ పేరు మీద రిజిస్టర్ అయ్యే అవిభాజ్య భూమి వాటా ఎన్ని గజాలు? మీరు పంపిన కాగితాల ప్రకారం టవర్‌లో 24 గజాలు, గోరంట్ల ఫ్లాట్‌కు 50 గజాలు. అంతస్తులు పెరిగేకొద్దీ అదే నేలను ఎక్కువమంది పంచుకుంటారు కనుక ఒక్కొక్కరి వాటా తగ్గిపోతుంది. భవనం ఏటేటా పాతబడుతుంది, దాని లిఫ్టులు, పైపులు, మోటార్లు అరుగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరిగేది ప్రధానంగా కింది నేలకు. గజం 30 వేలు అనుకుంటే కోటీ పాతిక లక్షల మీ టవర్ ఫ్లాట్‌లో నేల విలువ 7.2 లక్షలు. ఆ నేల ధర రెట్టింపైనా మీకు కలిసివచ్చేది ఇంకో ఏడు లక్షలే. ఫ్లాట్ ధర నేల ధరను బట్టి మాత్రమే మారదు, చుట్టుపక్కల ఉద్యోగాలు, అద్దెలు, కొత్తగా కట్టే ఖర్చు కూడా దాన్ని నడిపిస్తాయి, ఒప్పుకుంటాను. కాని రాజధాని వస్తే రెట్టింపు అన్న మాట మన ప్రాంతంలో పొలాల, స్థలాల అనుభవం నుంచి పుట్టింది. దాన్ని 24 గజాల వాటాకు యథాతథంగా వర్తింపజేయకూడదు.

నెలవారీ నిర్వహణ కూడా చూసుకోండి. టవర్ వారు అడుగుకు 4 రూపాయలు అంటున్నారు, అంటే నెలకు 7,000. వేగంగా నడిచే లిఫ్టులు, అగ్నిమాపక పంపులు, పెద్ద జనరేటరు ఉన్న చోట అది అన్యాయమైన ధర కాదు. మీరు ఇల్లు మారేదాకా అది తప్పని ఖర్చు, అంతే. గోరంట్లలో 2,000 అని రాశారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు పోయినప్పుడు, అపార్ట్‌మెంట్లలో ఉన్నవారికి ఒక విషయం బాగా తెలిసివచ్చింది. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు, నీటి మోటార్లు ఎక్కడ పెట్టారన్నది అంతే ముఖ్యం. సెల్లార్‌లో పెడితే, కింద రెండడుగుల నీరు చేరినా ఇరవై రెండో అంతస్తులో లిఫ్టూ ఉండదు, తాగునీరూ ఉండదు. మీ అత్తగారు మీతోనే ఉంటారని రాశారు, మోకాళ్ల నొప్పులని కూడా రాశారు. అందుకే నది ఒడ్డు ప్రాంతంలో ఏ టవర్ కొన్నా, నేల పరీక్ష నివేదిక, అగ్నిమాపక శాఖ అనుమతి, ఈ యంత్రాల స్థానం ఈ మూడూ చూపించమని అడగండి. మర్యాదస్తుడైన బిల్డరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

పన్ను విషయం క్లుప్తంగా. కొత్త పన్ను విధానంలో ఉంటే సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో ఇద్దరూ సహయజమానులుగా, సహరుణగ్రహీతలుగా ఉంటే ఒక్కొక్కరికి ఏడాదికి 2 లక్షల వరకు ఉంది. కాని రుణం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి అయిదేళ్లలో ఇల్లు పూర్తికాకపోతే ఆ పరిమితి 30 వేలకు పడిపోతుంది. పన్ను ఆదా కోసం ఈ ఫ్లాట్ కొనడానికి కారణమేదీ నాకు కనిపించలేదు.

గోరంట్ల లెక్క ఇది. ధర 64 లక్షలు, రిజిస్ట్రేషన్ సుమారు 4.8 లక్షలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నిర్మాణం పూర్తయింది, నివాసానికి తగినదన్న అధికారిక పత్రం) వచ్చిన ఫ్లాట్ అయితే జీఎస్టీ లేదు. 39 లక్షలు అప్పు తీసుకుంటే 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 33,850, అంటే జీతాల్లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అందులో 15 వేలు ఇప్పుడు అద్దెగా పోతున్నదే. చేతి నుంచి దాదాపు 30 లక్షలు పెట్టి, లోపలి పనులకు 4 లక్షలు ఖర్చుచేసినా ఆరు లక్షలు మిగులుతాయి. వాటిని ముట్టుకోకుండా డిపాజిట్‌లో ఉంచండి. టవర్ ఈఎంఐకి, దీనికి మధ్య తేడా నెలకు దాదాపు 40 వేలు. అందులో 20 వేలు మాత్రమే అమ్మాయి చదువు పేరిట రికరింగ్ డిపాజిట్‌లో వేసినా, అయిదేళ్లలో అసలే 12 లక్షలు అవుతుంది. అమ్మేవారికి డబ్బు చెల్లించేటప్పుడు, ధర 50 లక్షలు దాటింది కనుక, ఒక శాతం టీడీఎస్ మినహాయించి పన్ను శాఖకు కట్టడం మీ బాధ్యత. మరిచిపోతే వడ్డీ, రుసుము మీ మీదే పడతాయి. ఆమోదిత ప్లాన్‌కు మించి పై అంతస్తు వేశారేమో, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) సక్రమంగా ఉన్నాయో లేదో గుంటూరులోనే ఒక న్యాయవాదికి చూపించి, ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ తీయించి, ఆ తరువాతే అడ్వాన్సు ఇవ్వండి.

అమ్మాయి కోరికను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. టవర్ వారికి ఈ వారం ఒక ఉత్తరం రాయండి. రెరా నంబరు వచ్చాక, రిజిస్టర్ చేసిన ఒప్పందం మీద, శ్లాబుల వారీ చెల్లింపుతో, 1,250 అడుగుల లోపు ఫ్లాట్ పదో అంతస్తు లోపల ఉంటే ఏ ధరకు ఇస్తారో అడగండి. అంత చిన్న ఫ్లాట్ అయినా మొత్తం ఖర్చు 80 లక్షలు దాటితే ఆ మాట అక్కడితో వదిలేయండి. నాలుగైదేళ్ల తరువాత ఆ టవర్ పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి, సాయంత్రం వేళ కిటికీల్లో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో మీరే లెక్కపెట్టగలిగే రోజున, అప్పటికి ఉన్న జీతంతో, గోరంట్ల ఫ్లాట్ అమ్మితే వచ్చే ధరతో నాకు మళ్లీ రాయండి. అప్పుడు ఇరవై రెండో అంతస్తు గురించే మాట్లాడుకుందాం.