కాజీపేట బళ్లో చేరబోతున్న మనవడికి

బిడ్డా,

కాజీపేటలోని కతోలిక బళ్లో నీకు ఎనిమిదో తరగతి సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం ఒక్క నిమిషం చెప్పింది, టెన్షన్ అరగంట చెప్పింది. "పొద్దున లేస్తే ప్రార్థనలట, చర్చికి కూడా తీసుకుపోతారట, పిల్లవాడు ఏమైపోతాడో" అని. మీ నాన్న దిగులంతా ఫీజు గురించే, దానికి నా దగ్గర మందు లేదు. ప్రార్థనల సంగతి మాత్రం చెప్పగలను. కతోలిక బళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఇన్నేళ్లూ నా బొట్టు నా నుదుటనే ఉంది, వాళ్ల సిలువ వాళ్ల మెడలోనే ఉంది.

ముందు మనుషులను గుర్తుపట్టడం నేర్చుకో. తెల్ల అంగీ వేసుకున్న ప్రతివారూ ఫాదర్ కాదు. ఫాదర్ అంటే గురుపట్టం పొందినవాడు, పూజ చేసేది ఆయనే. బ్రదర్లు కూడా పెళ్లి చేసుకోరు, కానీ వాళ్లు బడి నడుపుతారు, పూజ చేయరు. ఫాతిమానగర్‌లో సెయింట్ గాబ్రియేల్ బడిని 1955లో పెట్టింది అట్లాంటి మాంట్‌ఫోర్ట్ బ్రదర్లే. బ్రదర్‌ను ఫాదర్ అని పిలిస్తే ఆయన ఏమీ అనుకోడు గానీ, వెనక బెంచీ నవ్వుతుంది. అట్లాగే మెదక్ చర్చి చూశానని వాళ్లకు చెప్పుకుంటే చెప్పుకో, అది సీఎస్ఐ వాళ్లదని, అంటే ప్రొటెస్టెంట్లదని తెలుసుకుని చెప్పు. నీ బడివాళ్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలికులు. వీళ్ల వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, 1952లో ఏర్పడింది, పెద్ద గుడి ఫాతిమామాత కేథడ్రల్. పోర్చుగల్‌లో ఫాతిమా అనే ఊళ్లో 1917లో ముగ్గురు పిల్లలకు మరియమాత కనిపించిందని వీళ్ల నమ్మకం. ఆ ఊరి పేరే మన కాజీపేట పక్కకు వచ్చి చేరింది.

ఇక అసెంబ్లీ. సిలువ గుర్తు వేసుకుని మొదలుపెడతారు, 'అవర్ ఫాదర్' అనే ప్రార్థన చెబుతారు. వారం తిరిగేసరికి నీకూ నోటికి వచ్చేస్తుంది, అందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు. నువ్వు చేతులు కట్టుకునో జోడించుకునో కదలకుండా నిలబడితే చాలు. సిలువ గుర్తు వేసుకోవాలని లేదు. పక్కవాడు వేసుకున్నాడని ఈగను తోలినట్టు నువ్వూ చెయ్యి ఊపితే మాత్రం, నమ్మినవాళ్లకు అది మరీ కష్టంగా ఉంటుంది. ఏ టీచరైనా గట్టిగా చెబితే, "మేము వేసుకోము టీచర్" అని మెల్లగా అను. మన రాజ్యాంగం 28వ అధికరణం కూడా అదే చెబుతుంది: ప్రభుత్వ గుర్తింపు ఉన్న బళ్లో పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధకో ఆరాధనకో బలవంతపెట్టకూడదు. మైనారిటీలు తమ బడులు తామే పెట్టుకుని నడుపుకోవచ్చని 30వ అధికరణం చెబుతుంది. రెండూ ఉన్నాయి కాబట్టి, అడ్మిషన్ ఫారంలో సంతకం పెట్టే ముందు చిన్న అక్షరాలు కూడా చదవమని మీ నాన్నకు చెప్పు. సమ్మతి అనేది సాధారణంగా ఆ కాగితంలోనే ఉంటుంది. మీ నాన్న ఎల్ఐసీ బాండు కూడా చదవకుండానే సంతకం పెట్టిన మనిషి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది దివ్యపూజలో, అంటే వాళ్ల మాస్‌లో. నెల మొదటి శుక్రవారమో, బడి పండుగకో అందరినీ గుడికి తీసుకుపోతారు. లేచినప్పుడు లే, కూర్చున్నప్పుడు కూర్చో, మోకరించే వేళ నువ్వు ఊరికే కూర్చున్నా ఎవరూ తప్పు పట్టరు. చివరలో వరుసగా ముందుకు నడుస్తారు. ఆ వరుసలోకి పోకు. వెనకవాళ్లు తోసినా కాళ్లు పక్కకు తీసి దారి ఇవ్వు. అక్కడ ఇచ్చేది రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద, తెల్లటి పల్చటి బిళ్ల. మనకు అది ప్రసాదంలా కనిపిస్తుంది, చెయ్యి దానంతట అదే చాపుకుంటుంది. వాళ్లకు అది సాక్షాత్తూ క్రీస్తు శరీరం. వాళ్ల పిల్లలకే నేర్పించి, సిద్ధం చేసి, అప్పుడు గానీ మొదటిసారి ఇవ్వరు.

ఒకసారి ఆరో తరగతి పిల్లవాడు ఒకడు ఆ బిళ్లను తీసుకుని, నాయనమ్మకు ఇద్దామని చొక్కా జేబులో వేసుకున్నాడు. మన గుళ్లో పులిహోర పొట్లం కట్టుకుని వస్తాం చూడు, అట్లా. పక్క పిల్లలు గోల చేశారు. ఫాదర్ పూజ మధ్యలోనే దిగి వచ్చాడు, కోప్పడలేదు, అర చెయ్యి చాపి అడిగాడు. వాడు జేబులోంచి తీసి ఇచ్చాడు, బలపం పొడి కూడా అంటుకుని ఉంది. ఆయన దాన్ని అట్లాగే నోట్లో వేసుకుని పీఠం దగ్గరికి వెళ్లిపోయాడు. సాయంత్రం ఆ పిల్లవాడిని పిలిపించి నాయనమ్మకు ఇమ్మని బిస్కెట్ పొట్లం ఇచ్చాడు. అందరు ఫాదర్లూ అట్లా ఉంటారని చెప్పను.

విభూది బుధవారం (యాష్ వెన్స్‌డే) నాడు నుదుట పెట్టే బూడిద వేరే సంగతి, అది ఎవరైనా పెట్టించుకోవచ్చు. కిందటి ఏడాది మ్రానికొమ్మల ఆదివారం (పామ్ సండే) నాటి మట్టలను కాల్చి చేస్తారు. అక్కడి నుంచి నలభై రోజుల తపస్సుకాలం, లెంట్ అంటారు. ఆ శుక్రవారాల్లో వాళ్లు మాంసం తినరు, నీ డబ్బాలో కోడికూర ఉంటే పక్కవాడికి పెట్టి "ఏం కాదులేరా" అనకు. గుడ్ ఫ్రైడే నాడు ఎవరికీ హ్యాపీ గుడ్ ఫ్రైడే అని మెసేజ్ పెట్టకు. అది యేసును సిలువ వేసిన రోజు. ఏటా ఎవడో ఒకడు పెడతాడు. క్రిస్మస్ నాటకంలో కొత్తగా వచ్చినవాళ్లకు గొర్రె వేషమో గొర్రెల కాపరి వేషమో వస్తుంది, సిగ్గుపడకుండా వెయ్యి.

మన పండుగల సంగతి. ముల్గు పిల్లవాడివి, మేడారం జాతర వచ్చిన ఏడాది సెలవు కావాలని అడగడానికి జంకకు. ఆ వారం క్లాసు ఎట్లాగూ సగం ఖాళీగానే ఉంటుంది. గొడవలన్నీ అయ్యప్ప మాల, హనుమాన్ మాల దగ్గరే వస్తాయి. నల్లవో కాషాయమో బట్టలు, చెప్పులు లేని కాళ్లు ఒకవైపు, యూనిఫాం రూలు ఇంకోవైపు. నా మాట అడిగితే, నలభై ఒక్క రోజుల దీక్ష ఇంటర్ అయ్యాక వేసుకో, పరీక్షల ఏడాది అసలే వద్దు. వేసుకుని తీరాలంటే, వారం ముందు మీ నాన్న ఒక్కడే ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి కాగితం ఇచ్చి మాట్లాడాలి. మాల వేసుకున్న తెల్లారి గేటు దగ్గర పదిమందిని వెంటేసుకుని పోతే, అక్కడ మాట్లాడేది పెద్దవాళ్లు, నలిగేది నువ్వు.

ఇంకొక ముచ్చట. నేను పని చేసిన ఒక బళ్లో ఆడపిల్లల బొట్లు తుడిపించిన టీచరమ్మ ఉండేది. ఆమె కతోలికురాలు కాదు, మన వాళ్ల మనిషే, మేనేజ్‌మెంట్ మెప్పు కోసం చేసేది. ప్రిన్సిపాల్‌గా ఉన్న సిస్టర్‌కు తెలిసి, పిలిచి ఆపించింది. అందుకే ఎవరేమన్నా, చెప్పింది బడా లేక ఆ ఒక్క మనిషా అని కనుక్కున్నాకే ఇంట్లో చెప్పు.

మీరు మోరల్ సైన్స్ క్లాసులో ఉన్నప్పుడు కతోలిక పిల్లలు సత్యోపదేశానికి, అంటే వాళ్ల మత పాఠానికి పోతారు. వాళ్లలో కొందరికి ఫీజు తగ్గిస్తారు. "మతం మారితే మాకూ తగ్గిస్తారా" అని జోకులు వేసేవాళ్లు ఉంటారు, అక్కడ నవ్వకు. కూలి పని చేసుకునే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. వాళ్ల కోసమే చాలా బడులు మొదలయ్యాయి, మనం తరువాత చేరాం.

రంజాన్ నెలలో ఉపవాసం ఉండే దోస్తులూ ఉంటారు నీకు, కాజీపేట దర్గా ఉర్సుకు వాళ్లతో ఒకసారి పోయి రా. ఆదివారం ఫోన్ చేస్తాను, ఆలోపు ఫారం ఫొటో తీసి పంపమని మీ నాన్నకు చెప్పు. యూనిఫాం ప్యాంటు ఒక సైజు పెద్దది కుట్టించండి, ఎనిమిదిలో పొడుగు సాగుతావు.

మీ అమ్మమ్మ