ఆలీ మెక్‌కోయిస్ట్ ఆడే రోజుల్లో నిజంగా అంత గొప్పవాడా?

టీవీలో నవ్వుతూ తుళ్లుతూ మాట్లాడే ఈ స్కాట్లాండ్ కామెంటేటర్ ఒకప్పుడు ఎలా ఆడేవాడని అడిగారు. గ్లాస్గో ఫుట్‌బాల్ క్లబ్ రేంజర్స్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ ఆయనవే, 355. నాకు మాత్రం ఆ అంకె కంటే ముందు పరిచయమైంది ఆయన గొంతు.

2018లో గ్లాస్గోలో చదువుకుంటూ వారాంతాల్లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేవాణ్ణి. అక్కడ ఎనభై దాటిన ఒక పెద్దాయన ఉండేవాడు, రేంజర్స్‌కు ప్రత్యర్థి క్లబ్ సెల్టిక్‌కు వీరాభిమాని. మన వైపు పెద్దలు ‘అబ్బాయ్’ అన్నట్టు నన్ను ‘సన్’ అని పిలిచేవాడు. ఆ ఏడాది ప్రపంచకప్‌లో స్కాట్లాండ్ లేదు. అయినా ఐటీవీ ఛానెల్లో కామెంటేటర్ జాన్ ఛాంపియన్ పక్కన మెక్‌కోయిస్ట్ మాట్లాడుతున్నాడంటే చాలు, టీ అందించబోతే చెయ్యెత్తి ఆగమనేవాడు. సౌండ్ పెంచమనేవాడు. గ్లాస్గోలో రేంజర్స్, సెల్టిక్ అంటే ఆటతో ఆగే గొడవ కాదు. మతం, కుటుంబం, పుట్టిన వీధి అన్నీ అందులో కలిసి ఉంటాయి. అలాంటిది రేంజర్స్ మనిషి కోసం చెవులు రిక్కించడమేమిటని ఒకరోజు అడిగేశాను.

“వాడు మమ్మల్ని చాలా ఏడిపించాడు. కానీ వాడూ దెబ్బలు తిన్నాడు సన్, మా కళ్లముందే” అన్నాడు.

ఆ దెబ్బలేమిటో ఆయన చెప్పినవీ, నేను తర్వాత చదివినవీ కలిపి రాస్తున్నాను. మెక్‌కోయిస్ట్ 1962లో బెల్‌షిల్‌లో పుట్టాడు. సెయింట్ జాన్‌స్టన్ క్లబ్‌లో మొదలుపెట్టి ఇంగ్లండ్‌లో సండర్‌లాండ్ క్లబ్‌కు వెళ్తే అక్కడ కలిసిరాలేదు. 1983లో రేంజర్స్‌కు వచ్చాక మొదట్లో సొంత అభిమానులే గేలి చేశారు. 1984 మార్చిలో లీగ్ కప్ ఫైనల్లో సెల్టిక్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. ఆ తర్వాత మేనేజర్‌గా వచ్చిన గ్రేమ్ సూనెస్ కొంతకాలం సబ్‌స్టిట్యూట్లు కూర్చునే బెంచికే పరిమితం చేశాడు. జడ్జి కూర్చునేదాన్నీ బెంచ్ అనే అంటారు కదా, అలా ‘ద జడ్జ్’ అని పేరు పడిపోయింది. ఇది చెబుతూ పెద్దాయన నడుం నిటారుగా పెట్టి, కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, తీర్పు చెప్పబోతున్నవాడిలా కూర్చుని చూపించాడు.

వాల్టర్ స్మిత్ మేనేజర్ అయ్యాక అదే మనిషి 1991-92లో, 1992-93లో లీగ్ మ్యాచుల్లో 34 చొప్పున గోల్స్ కొట్టి వరుసగా రెండేళ్లు, యూరప్ లీగ్‌లలో టాప్ స్కోరర్‌కిచ్చే గోల్డెన్ బూట్ అందుకున్నాడు. 1993 ఏప్రిల్‌లో లిస్బన్‌లో పోర్చుగల్‌తో ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. అక్టోబర్‌లో హిబర్నియన్‌తో లీగ్ కప్ ఫైనల్. ఆ మ్యాచ్ సెల్టిక్ సొంత మైదానంలో జరిగింది. స్కోరు 1-1 ఉండగా సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. గోల్‌కు వీపు పెట్టి, గాల్లోకి లేచి, బంతిని తల మీదుగా వెనక్కి తన్నాడు. అదే గెలుపు గోల్. “మా ఇంట్లోకొచ్చి మరీ!” అని పెద్దాయన కుర్చీ చేతి మీద అరచేత్తో కొట్టాడు. పాతికేళ్లయినా ఆ మంట ఆరలేదు, ఆ గోల్ మీద మెచ్చుకోలూ తగ్గలేదు.

దేశానికి 61 మ్యాచ్‌లు ఆడి 19 గోల్స్ చేశాడు. 1996 యూరో కప్‌లో స్విట్జర్లాండ్‌ను ఓడించిన గోల్ ఆయనదే.

నాకు అన్నిటికంటే గౌరవం కలిగించింది మాత్రం మేనేజర్‌గా ఆయన పడిన పాట్లు. 2012లో రేంజర్స్ ఆర్థికంగా కుప్పకూలి నాలుగో అంచె లీగ్‌లోకి పడిపోయింది. ఆయన వదిలి వెళ్లలేదు. పీటర్‌హెడ్ లాంటి చిన్న ఊళ్ల మైదానాలకు జట్టును తీసుకెళ్లాడు. వరుసగా రెండేళ్లు లీగ్ గెలిపించాడు, అందులో 2013-14లో లీగ్‌లో ఒక్క ఓటమీ లేదు.

ఇవన్నీ తెలిశాక ఆయన కామెంటరీ నాకు వేరుగా వినిపించింది. సులువైన గోల్ పోగొట్టుకున్న స్ట్రైకర్‌ను ఆయన తిట్టిపోయడు. కాలు ఎక్కడ పడింది, డిఫెండర్ ఎటు నెట్టాడు అని రీప్లేలో విడమర్చి చెబుతాడు. గ్లాస్గో యాస అలవాటు కావడానికి కాస్త టైం పడుతుంది కానీ, రెండు మ్యాచ్‌లు వింటే చాలు.

వీలైతే ముందు ఆ 1993 గోల్ వీడియో చూడండి. ఆ తర్వాత ఆయన కామెంటరీ చెప్పే మ్యాచ్‌లో, చివరి పావుగంటకు బెంచ్ మీంచి ఎవరైనా స్ట్రైకర్ లేచి వస్తున్నప్పుడు ఆయనేం మాట్లాడతాడో వినండి.