నడుమెత్తు పొదలు, వాలు నేల: బ్రష్ మోవర్‌ను ప్రమాదం లేకుండా నడపడం ఎలా?

వెనక నడుస్తూ తోలే బ్రష్ మోవర్‌ను, అంటే పొదలు కోసే ఇంజిన్ మెషిన్‌ను, మొదటిసారి అద్దెకు తెస్తున్నానని, నేల వాలుగా ఉందని, పొదలు నడుమెత్తు ఉన్నాయని రాశారు. మెషిన్ కంటే ముందు నేల సంగతి చూడండి. పొద అడుగున ఏముందో పైకి కనబడదు, చాలా ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి. కర్రతో తడుముతూ స్థలమంతా నడవండి. రాళ్లు ఏరేయండి. మొద్దులు, గుంతలు ఉన్నచోట రంగుగుడ్డ కట్టిన కర్ర పాతండి. అన్నిటికన్నా పాడుది పాత కంచె తీగ. బ్లేడు దాన్ని లాక్కుని ఇరుసుకు చుట్టేసుకుంటుంది, బేరింగ్‌ను కాపాడే సీలు కోసుకుపోయి బేరింగ్ పాడవుతుంది. తెగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే చుట్టుపక్కల 30 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు.

మెషిన్ తీసుకునేటప్పుడే హ్యాండిల్ మీద బ్లేడును తిప్పే లివర్‌ను నొక్కి, వదిలి చూడండి. కొన్ని సెకన్లలో బ్లేడు ఆగాలి. చెయ్యి నొప్పి పుడుతోందని ఆ లివర్‌ను తీగతో కట్టేసేవాళ్లుంటారు. అలా కట్టిన మెషిన్ ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

వాలు మీద అడ్డంగానే నడపాలి. ఎక్కేటప్పుడు పట్టు జారితే మెషిన్ మీ మీదికి వస్తుంది, దిగేటప్పుడు మీరు జారితే కాలు డెక్ (బ్లేడును కప్పే రేకు) కిందికి పోతుంది. 15 డిగ్రీలు దాటితే, అంటే 10 మీటర్ల దూరానికి రెండున్నర మీటర్లకు పైగా ఎత్తు పెరిగితే, ఆ ముక్కను చేత్తో కోసుకోవడమే మేలు. గడ్డి తడిగా ఉంటే వాలు మీద మెషిన్ అసలు వద్దు.

బ్లేడును పొద మధ్యలో ఆన్ చేయొద్దు, బెల్టు జారి కాలుతుంది. ఖాళీ చోట ఫుల్ థ్రాటిల్‌లో (ఇంజిన్ పూర్తి వేగంలో) లివర్ నెమ్మదిగా నొక్కి, ఆ తర్వాత మొదటి గేరులో లోపలికి వెళ్లండి. పొద దట్టంగా ఉంటే డెక్ వెడల్పులో సగమే కోతకు ఇవ్వండి. ఇంజిన్ గొంతు మారిందంటే ముందుకు తోయకుండా ఆగి, మళ్లీ వేగం అందుకోనివ్వండి. చాలా మెషిన్ల హద్దు ఒకటిన్నర, రెండు అంగుళాల కాండం. అంతకన్నా లావైనవి ముందే రంపంతో నేలమట్టంగా కోయాలి. ఏటవాలుగా మిగిలిన మోడు టైరులోనే కాదు, బూటు అడుగులోనూ దిగుతుంది. వెనక్కి లాగాల్సి వస్తే ముందు బ్లేడు ఆపండి. వెనక ఏముందో చూడకుండా అడుగేసి తూలిపడితే మెషిన్ కాళ్ల మీదికే వస్తుంది.

గడ్డి ఇరుక్కుంటే ఇంజిన్ ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచాక స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి పక్కకు పెట్టండి. కొన్ని మోడళ్లలో బ్లేడు తిప్పితే ఇంజిన్ కూడా తిరుగుతుంది, వైరు ఉంటే అంటుకోవచ్చు. అప్పుడు కూడా చేత్తో కాదు, కర్రతోనే తీయండి. మెషిన్‌ను వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ పైకి ఉండేలా వంచాలి. లేకపోతే ఫిల్టర్ పెట్రోలుతో, ఆయిలుతో తడిసిపోతుంది.

కళ్లద్దాలు, చెవి మఫ్‌లు, గట్టి బూట్లు, మందపాటి ప్యాంటు ఉండాల్సిందే. ఇంజిన్ చల్లారాకే, మెషిన్‌ను గడ్డి లేని నేల మీద నిలిపి పెట్రోలు పోయండి. పోసిన ప్రతిసారీ సైలెన్సర్ చుట్టూ చేరిన ఎండుగడ్డి దులపండి, అది నిప్పంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

ఉన్నట్టుండి హ్యాండిల్ వణికితే బ్లేడు వంగిందో, చిట్లిందో, బోల్టు వదులైందో అయి ఉంటుంది. వెంటనే ఆపేయండి. వంగిన బ్లేడును సుత్తితో సరిచేసి వాడొద్దు, కొత్తది వేయమని అడగండి.