గ్లౌజులు వేసుకున్నా చలికాలంలో సైకిల్ తొక్కేటప్పుడు వేళ్లు ఎందుకు కొంకర్లు పోతాయి?

చాలావరకు కారణం గ్లౌజులు పలచగా ఉండటం కాదు, వాటిలోంచి గాలి దూరడం. అందుకే గాలి చొరబడని పై పొర ఉన్న, కాస్త వదులైన గ్లౌజులు వేసుకోవాలి, ఒంటిని కూడా వెచ్చగా ఉంచుకోవాలి.

చలి వేస్తే శరీరం ముందు గుండె, ఊపిరితిత్తుల్లాంటి లోపలి అవయవాల వేడిని కాపాడుకుంటుంది. అందుకోసం చేతుల్లోని రక్తనాళాలను కుదించేస్తుంది, దాంతో వేళ్లకు వెచ్చటి రక్తం తగ్గిపోతుంది. పైగా సైకిల్ మీద కాళ్లు కష్టపడతాయి కానీ చేతులు హ్యాండిల్ పట్టుకుని కదలకుండా ఎదురుగాలికి నిలబడతాయి. అంటే ఛాతీకి గాలి తగలకుండా జాకెట్ వేసుకోవడం కూడా చేతులకు చేసే సాయమే, ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఉదాహరణకు, 0 డిగ్రీల చలిలో గాలి వీచకపోయినా, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే బయటున్న చర్మానికి దాదాపు మైనస్ 6 డిగ్రీల చలిలా అనిపిస్తుంది.

ఒకదాని మీద ఒకటి రెండు జతలు బిగించేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. వెచ్చదనాన్ని పట్టి ఉంచేది లోపల నిలిచిన గాలి. బిగుతుగా ఉంటే ఆ గాలికి చోటుండదు, రక్తప్రసరణా తగ్గుతుంది. మరీ మందమైతే బ్రేకు సరిగా అందదు, అది ఇంకో టెన్షన్. చలి బాగా ఎక్కువైతే వేళ్లన్నీ ఒకే అరలో కలిసుండే గ్లౌజులో, హ్యాండిల్‌కే తొడిగే కవర్లో మేలు.