ఒంటారియోలో మనవాళ్లకు మనసు బాగోలేనప్పుడు

ప్రశ్న: ఇక్కడ చదువుకుంటున్న తెలుగు కుర్రాడు ఆత్మహత్య చేసుకున్నాడు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఎలా తెలియజేయాలి? ఏ నంబర్లు ఇవ్వాలి?
– తెలుగు సంఘం కార్యదర్శి, బ్రాంప్టన్

జవాబు: ముందు కుటుంబానికి కబురు అందిందో లేదో కనుక్కోండి. కన్నవాళ్లకు ఫార్వర్డ్ మెసేజ్‌లో కొడుకు పోయాడని తెలియడం కంటే ఘోరం లేదు.

ఎలా చనిపోయాడు, ఏ గదిలో, ఉత్తరం ఏమైనా రాశాడా అన్నవి రాయొద్దు. కెనడియన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2017లో పత్రికలకు చెప్పిందీ ఇదే. 'లోను తీర్చలేక', 'ఉద్యోగం రాక' అని ఒక్క కారణానికి ముడిపెట్టడం ఇంకా ప్రమాదం. అదే లోను నెత్తిన ఉన్న ఇంకో పిల్లాడు ఆ గ్రూపులోనే ఉంటాడు. తనకూ అదే దారి అనుకుంటాడు.

ఇలా రాస్తే చాలు: 'మన విద్యార్థి ఒకరు ఆదివారం కన్నుమూశారు. కుటుంబానికి సమాచారం అందింది. బతకాలని లేదనిపిస్తే 988కి ఫోన్ చేయండి, లేదా టెక్స్ట్ పంపండి. ప్రాణం మీదికొస్తే 911.'

988 కెనడా జాతీయ ఆత్మహత్య నివారణ సర్వీసు. 2023 నవంబర్ 30న మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం. కానీ మాట్లాడేది ఇంగ్లిష్, ఫ్రెంచ్‌లలోనే. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలకు 211 ఇవ్వండి. ఎక్కడ ఏ సహాయం దొరుకుతుందో దుబాసీని పెట్టి చెబుతారు. ఫోన్ ఎత్తగానే 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్' అంటే చాలు. కౌన్సెలింగ్ ఎక్కడుందో వెతకడానికి కనెక్స్ ఒంటారియో, 1-866-531-2600. కాలేజీ, యూనివర్సిటీ పిల్లలకు గుడ్ టు టాక్, 1-866-925-5454.

ఇవన్నీ ఒకే మెసేజ్‌లో గుదిగుచ్చొద్దు. కుంగిపోయినవాడు పది నంబర్లు చూసి ఒక్కదానికీ చేయడు. మొదటి రోజు 988, 911 మాత్రమే, మిగతావి మర్నాడు. నంబర్లను బొమ్మగా కాక అక్షరాల్లో టైప్ చేస్తే వేలు పెట్టగానే కాల్ వెళ్తుంది. పాత పోస్టర్లలో 1-833-456-4566 కనిపిస్తుంది. ఆ సర్వీసు స్థానంలోనే 988 వచ్చింది కాబట్టి మార్చేయండి. విరాళాల విన్నపం విడిగా పంపండి. వారంపాటు అడ్మిన్లే రాసేలా సెట్టింగ్ పెట్టండి, ఊహాగానాలు ఆగుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఒంటారియోలో ఉన్నాడు. 'నేను లేకపోతేనే నయం' అంటున్నాడు. ఇక్కడినుంచి నేనేం చేయగలను? ఆసుపత్రిలో బంధిస్తారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, 'చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?' అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే అతని రూమ్మేట్‌ని పక్కనే ఉండమని చెప్పి, అక్కడి ఫోన్ నుంచే 988కి చేయించండి. ఇండియా నుంచి 988, 911 కలవవు. అందుకే అతనుండే ఊరి పోలీసుల పదంకెల నంబరు, ఇంటి చిరునామా, యూనిట్ నంబరుతో సహా, ఇప్పుడే రాసి పెట్టుకోండి. ముందు +1 కలిపి చేసి, 'వెల్‌నెస్ చెక్' కావాలని, అంటే ఇంటికెళ్లి అతను క్షేమంగా ఉన్నాడో లేదో చూడమని, అడగండి.

పిల్లాడి ఒప్పుదల లేకుండా కాలేజీ వాళ్లు మీకు వివరాలు చెప్పకపోవచ్చు. మీరు చెప్పేది వినడానికి మాత్రం అడ్డేమీ లేదు. అతనన్న మాటలు యథాతథంగా రాసి స్టూడెంట్ కౌన్సెలింగ్‌కి మెయిల్ పెట్టండి.

ప్రాణాపాయం ఉందని డాక్టర్ నమ్మితే 'ఫార్మ్ 1' రాస్తారు. దానితో పరీక్ష కోసం గరిష్ఠంగా 72 గంటలు ఆసుపత్రిలో ఉంచగలరు. అది నేరం కేసు కాదు.

మీకూ ధైర్యం కావాలంటే 14416, టెలీ మానస్ – భారత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా.