గూడు కట్టని మగపక్షి

ప్రశ్న: మా తోట బావి మీదికి వంగిన ఈతచెట్టుకు ఏటా వానాకాలంలో గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. మొన్న టీవీలో నల్లటి ఒళ్లు, ఎర్రటి తల ఉన్న ఒక విదేశీ పిట్ట కొమ్మమీద వెనక్కి జారుతూ ఆడడం చూశాను. ఆ మగపక్షి గూడే కట్టదట! మరి ఆడపక్షి ఏం చూసి దాన్ని మెచ్చుకుంటుంది?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు చూసినది ఎర్రతల మనాకిన్. దక్షిణ మెక్సికో మొదలుకొని ఈక్వడార్ వరకు ఉన్న తేమ అడవుల్లో ఉంటుంది. పొడవు 10 సెంటీమీటర్లు, అంటే గుప్పిట్లో ఇమిడిపోతుంది. మామూలుగా కూర్చున్నప్పుడు దాని తొడల మీది పసుపు ఈకలు సరిగా కనబడవు. ఆట మొదలుపెట్టి కాళ్లు చాచి, తల వంచి, తోక ఎత్తి నిలిచినప్పుడు ఆ పసుపు బయటపడుతుంది. అప్పుడు వేసే అడుగులు ఎంత చిన్నవి, ఎంత వేగమైనవంటే, మన కంటికి అది కొమ్మమీద జారుతున్నట్టే ఉంటుంది.

ఇక గూటి సంగతి. మనాకిన్‌కు ప్రధానాహారం అడవి పండ్లు. అవి సమృద్ధిగా దొరుకుతాయి గనుక ఆకుపచ్చ రంగు ఆడపక్షి ఒంటరిగానే గూడు కట్టి, సాధారణంగా రెండు గుడ్లు పెట్టి, పిల్లలను సాకుతుంది. మగదాని నుంచి దానికి ఇల్లూ వద్దు, తిండీ వద్దు. అందుకే ఆటను చూసే ఎంచుకుంటుంది. మీ గిజిగాడి పద్ధతి వేరు: సగం అల్లిన గూటికి వేలాడుతూ రెక్కలాడిస్తాడు, ఆడపక్షి వచ్చి లోపల పరీక్షించి ఒప్పుకున్నాకే కింది గొట్టం పూర్తిచేస్తాడు. (అలాగని మరీ బుద్ధిమంతుడేమీ కాడు, ఆమె కుదురుకోగానే పక్కన ఇంకో గూడు మొదలుపెడతాడు.)

నాకు అంతకన్నా వింతగా తోచేది మధ్య అమెరికాలోని పొడవుతోక మనాకిన్. అందులో రెండు మగపక్షులు జతకట్టి, ఒకే గొంతులా కూసి ఆడపక్షిని పిలిచి, దాని ముందు కొమ్మమీద ఒకదాని మీదుగా ఒకటి ఎగిరి దూకుతూ గిరకలా తిరుగుతాయి. ఆడపక్షి మెచ్చితే జతకూడేది మాత్రం దాదాపు ఎప్పుడూ పెద్దదే. చిన్నది ఏళ్ల తరబడి పక్కవాద్యంగా మిగిలి, పెద్దది పోయాక దాని చోటు దక్కుతుందన్న ఆశతోనే ఆడుతుంది. వాటికి పూర్తి రంగులు రావడానికే 4 ఏళ్లు పడుతుంది.

గూడు కట్టకుండా ఆటతోనే నెగ్గుకొచ్చే మగపక్షి మన సీమకూ కొత్త కాదు. పాత కర్నూలు జిల్లా రోళ్లపాడు గడ్డిబయళ్లకు పేరు తెచ్చిన నేల నెమలి, వానాకాలంలో గడ్డిలోంచి మనిషి ఎత్తున, రోజుకు వందలసార్లు గెంతేది ఆడపక్షి కంటబడడానికే.